పావు మూడంటే పావు మూడే

గడియారమ్మకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. అది సర్టిఫికెట్లలో భద్రంగా ఉంది. మనుషుల నోళ్ళలో మాత్రం పన్నెండేళ్ళుగా ఆమె గడియారమ్మే. మంచాన పడ్డ రోగిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. నర్సింగు చదివిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలుసు. తిప్పేవాళ్ళని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ లెక్కలో ఆమెది మొదటి వేలు. పదింటికి కుడివైపు, పన్నెండింటికి వెల్లకిలా, రెండింటికి ఎడమవైపు. పెద్ద డాక్టరు వచ్చి మంచానికి అడ్డంగా నిలబడ్డా "ఒక్క నిమిషం సార్, టైమైంది" అని ముందు ఆయన్ని పక్కకి తిప్పి, తర్వాత రోగిని తిప్పేది.

అలాంటి మనిషి టైము చెప్పడం రాక పరీక్ష తప్పింది. మన టైము కాదు, జర్మన్ టైము.

పరీక్ష తప్పినంత మాత్రాన ఎవరూ చచ్చిపోరు. కానీ ఈమెకి గడువుంది. ఆ దేశంలో వృద్ధుల ఆసుపత్రికి నర్సుల్ని పంపే ఏజెన్సీ వాళ్ళ ఫారం మీద 'వయసు నలభై మించరాదు' అని ఉంది. అప్పటికి ఆమెకి ముప్పై తొమ్మిది నిండి ఎనిమిది నెలలు. పుట్టినరోజు లోపల భాష వచ్చినట్టు కాగితం చూపించాలి. లేకపోతే ఆ తలుపు మూసుకుంటుంది, మళ్ళీ తెరుచుకోదు. ఫారం తీసుకున్న గుమాస్తా పుట్టిన తేదీ చూసి పెదవి విరిచాడు కూడా.

"నలభై వచ్చేసినట్టుందే మేడమ్?"

"రాలేదు. నడుస్తోంది."

"నడుస్తోందంటే వచ్చినట్టేగా?"

"మీరు బస్సెక్కి కూర్చుంటే ఊరొచ్చినట్టేనా? నడుస్తోందంటే ఇంకా నిండలేదని."

గుమాస్తా ముద్ర కొట్టాడు. ఈ నిండటం, నడవడం అనే రెండు మాటలు కాస్త గుర్తుపెట్టుకోండి. ఈ కథంతా వాటి మీదే ఉంది.

ఆమెకి జర్మన్ పుస్తకంలోంచి రాలేదు. మంచం పక్కన కూర్చుంటే వచ్చింది. ఐదేళ్ళ కిందట నర్సింగ్ హోమ్ వాళ్ళు ఆమెని ఒక జర్మన్ ముసలావిడ ఇంటికి పంపారు. తుంటి విరిగి మంచాన పడ్డ మనిషి. ఎప్పుడో కర్మాగారంలో యంత్రాలు బిగించడానికి వచ్చిన మొగుడి వెంట వచ్చింది. మొగుడు పోయాక తిరిగి వెళ్ళే ఓపిక లేక మూడో అంతస్తు అద్దె ఇంట్లో ఉండిపోయింది. వీధిలో అందరూ ఆవిడని తెల్లమామ్మ అనేవాళ్ళు. ఇంగ్లీషు కాస్త వచ్చుగానీ కోపమొస్తే మర్చిపోయేది. కోపం రాని పూట ఉండేది కాదు.

మొదటిరోజే గొడవ. మంచం మీంచి లేపబోతే ముసలావిడ "హేబ్ మి! హేబ్ మి!" అని అరిచింది. గడియారమ్మ ఫోనులో వెతికి చూసింది. 'ఎత్తు' అని చూపించింది. సరేనని చంకల కింద చేతులేసి బియ్యం బస్తాలా ఎత్తింది. ముసలావిడ కెవ్వుమని అరిచి చెంప మీద ఒక్కటిచ్చింది. ఇచ్చాక తనే కాస్త తగ్గి, గడియారమ్మ చేతిని తీసుకుని తన మణికట్టు చుట్టూ వేసుకుని, వేళ్ళు బిగించి, "హేబ్" అంది మెల్లగా. ఎత్తమని కాదు, పట్టుకోమని. తన బరువు తనే మోసుకుంటుంది, పడకుండా పట్టుకునే చెయ్యి ఉంటే చాలు.

చెంపదెబ్బ తిని నేర్చుకున్న మాట ఎవరికి మరుపొస్తుంది?

అలాగే ఒక్కొక్కటీ. చలేస్తోంది, టెప్పిహ్ కావాలంది. ఫోను 'తివాచీ' అంది. గడియారమ్మ హాల్లోని తివాచీ దులిపి, చుట్ట చుట్టి, భుజాన మోసుకొచ్చింది. ముసలావిడ దాని వంకా ఈమె వంకా చూసి, పళ్ళు లేని నోరు తెరిచి, కన్నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆవిడ భాషలో టెప్పిహ్ అంటే దుప్పటి. ఇంకోరోజు ఫూస్ నొప్పంది. ఫోను 'పాదం' అంది. గంటసేపు పాదం పిసికాక ముసలావిడ విసుక్కుని తొడ మీద కొట్టుకుని చూపించింది. ఇక్కడ నవ్వడం గడియారమ్మ వంతు. మనమూ అంతేగా! కాలు నొప్పంటే చిటికెనవేలి నుంచి తుంటి దాకా ఏదైనా కావచ్చు. "కాలంటే ఎక్కడమ్మా?" అని డాక్టరు అడిగి తీరాల్సిందే. ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన ముసలమ్మ కూడా కాలుని కాలులాగే చూస్తోందని తెలిశాక ఆమెకి ఆ భాషంటే భయం పోయింది.

ఇక టైము. మధ్యాహ్నం మాత్ర 'ఫిర్టెల్ డ్రై'కి ఇవ్వమంది ముసలావిడ. ఫిర్టెల్ అంటే పావు, డ్రై అంటే మూడు. పావు తక్కువ మూడు కాబోలనుకుని రెండూ నలభై ఐదుకి గ్లాసుతో సహా హాజరైతే అరగంట ఆలస్యమైందని చివాట్లు. గడియారమ్మకే టైము తప్పిందని తిట్లు! ఆ సాయంత్రం ముసలావిడ గోడ గడియారం దింపించి, ఒళ్ళో పెట్టుకుని, వంకర వేలితో చూపించింది. రెండు దాటిందంటే మూడో గంట మొదలైనట్టు. ముల్లు పావు దూరం వస్తే పావు మూడు. సగం వస్తే అర మూడు. ముప్పావు వస్తే ముప్పావు మూడు. మొత్తం నిండితే మూడు.

గడియారమ్మ నుదురు కొట్టుకుంది. "ఇంతేనా మామ్మా! పిల్లాడికి మూడో ఏడు నడుస్తోంది అన్నట్టు!"

ముసలావిడకి ఆ తెలుగు అర్థం కాకపోయినా తలూపింది.

అలా నాలుగేళ్ళు. నాలుగో ఏడు వానల్లో ముసలావిడ మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. ముందు ఇంగ్లీషు పోయింది, తర్వాత మనుషుల పేర్లు, తర్వాత తిట్లు. తిట్లు కూడా పోయినప్పుడు గడియారమ్మ భయపడింది. ఆఖరి వారం ఒక్క మాటే మిగిలింది. హేబ్. గడియారమ్మ పట్టుకుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడానికి తప్ప వదల్లేదు.

ఆ తర్వాత నర్సింగ్ హోమ్‌కి తిరిగొస్తే అక్కడ రోజులు మారాయి. కొత్త మేనేజరు ఒక్కో నర్సుకి పద్నాలుగు మంచాలు అంటగట్టాడు. "టైము పెట్టుకుని తిప్పకండమ్మా, ఖాళీ దొరికినప్పుడు తిప్పండి" అన్నాడు.

"మీరు ఖాళీ దొరికినప్పుడే ఊపిరి పీలుస్తారా సార్?" అంది గడియారమ్మ.

మర్నాటి నుంచి ఆమెకి టోకెన్లు ఇచ్చే కిటికీ దగ్గర కుర్చీ వేశారు. పన్నెండేళ్ళు మనుషుల్ని తిప్పిన చేతులు కాగితాలు తిప్పాయి. ఒక నెల భరించింది. ఆ తర్వాతే ఏజెన్సీ ఫారం నింపింది. రోగిని తిప్పడం పనికిమాలిన పని కాదని ఒప్పుకునే చోటు భూమ్మీద ఎక్కడో ఉండకపోదు, అక్కడికే పోతాను, భాష ఎలాగూ వచ్చు, కాగితమే తక్కువ అనుకుంది.

ఆ కాగితం కోసం చేరిన ఇన్‌స్టిట్యూటు చెప్పుల కొట్టు పైన ఉండేది. తోలు వాసనలో జర్మన్ చెప్పే మాస్టారి జేబులో నాలుగు ఎర్ర పెన్నులు. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు కూడా అదే, ఎర్రపెన్ను. మంచివాడే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబుతాడు, లేనిది లోకంలోనే లేదంటాడు. మొదటివారమే గడియారమ్మ నోట్సులో 'హేబెన్ అంటే పట్టుకోవడం' అన్న చోట పేజీ చిరిగేలా గీత కొట్టాడు.

"హేబెన్ అంటే ఎత్తడం. పట్టుకోవడమని ఎవరు చెప్పారమ్మా?"

"మా మామ్మ సార్."

"మీ మామ్మకి జర్మన్ వచ్చా?"

"జర్మన్ మామ్మే సార్. ఆవిడకి తెలుగే రాదు."

క్లాసంతా గొల్లుమంది. ఎర్రపెన్ను నవ్వలేదు. "ఎక్కడి మనిషి?" అని అడిగి, ఆవిడ ఊరు విని, పురుగుని చూసినట్టు ముఖం పెట్టాడు. "ష్వేబిష్! ఆ దేశానికి నైరుతి మూల మాట్లాడే యాస. అక్కడివాళ్ళు నోరు విప్పితే మిగతా జర్మన్లకే సగం అర్థం కాదు. అది భాష కాదు, మట్టి. కడుక్కుని రండి."

"నేను నాలుగేళ్ళు ఆ మనిషిని ఎత్తలేదు సార్," అంది గడియారమ్మ. "పట్టుకున్నాను."

అప్పుడే ఎర్రపెన్ను ఫోను మోగింది. వాళ్ళమ్మ. ఫోను చెవి దగ్గర పెట్టగానే ఆయన నోట్లోంచి పుస్తకం జారిపోయింది. క్లాసులో ఒత్తులు ఒత్తి పలికించే మనిషి దీర్ఘాలు తీస్తూ, మాటల చివర్లు మింగేస్తూ, ముద్దుగా, పక్కా సొంతూరి యాసలో "ఆఁ... తిన్నానే... తిన్నాలేవే అమ్మా" అంటుంటే ముప్పైమంది ఊపిరి బిగబట్టి విన్నారు.

ఫోను జేబులో పెట్టాక గడియారమ్మ చాలా వినయంగా అడిగింది. "అమ్మగారిని కూడా కడుక్కుని రమ్మన్నారా సార్?"

ఆ రోజునుంచి ఇద్దరికీ చుక్కెదురు.

మొదటి పరీక్ష ఇలా జరిగింది. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి, ఒక చీటీ ఇచ్చి, జర్మన్‌లో మాట్లాడుకుని ఒక నిర్ణయానికి రమ్మంటారు. గడియారమ్మకి జోడీగా కళ్ళజోడు పిల్ల పడింది. ఇరవై రెండేళ్ళుంటాయి, పుస్తకం మొత్తం కంఠతా పట్టిన పిల్ల. చీటీలో: జబ్బుపడిన స్నేహితురాలిని ఆసుపత్రిలో చూడ్డానికి ఎప్పుడు, ఎలా వెళ్ళాలి? ఎదురుగా ఎర్రపెన్ను, ఆయన పక్కన పై ఆఫీసు నుంచి వచ్చిన మేడమ్.

"అర మూడుకి గేటు తీస్తారు," అంది కళ్ళజోడు. రెండున్నర అన్నమాట. అర మూడు అనే మాట పుస్తకంలో ఉంది, ఎవరికీ అభ్యంతరం లేదు.

"అయితే ఫిర్టెల్ డ్రైకి గేటు దగ్గర కలుద్దాం," అంది గడియారమ్మ.

పిల్ల బుర్ర అక్కడ మెలిక పడింది. పావు తక్కువ మూడుని పాపం ఆంటీ సగం మింగేసింది అనుకుంది. "గేటు తీశాక పావుగంట ఎందుకు పోగొట్టుకోవడం?"

"పోగొట్టుకోవడం ఎక్కడ? ముందే వెళ్తున్నాంగా!"

"ముందేంటి, తర్వాత కదా!"

"తర్వాతేంటి, ముందు!"

ముందు, తర్వాత, ముందు, తర్వాత. వీధి కుళాయి దగ్గర వరుస కోసం కొట్టుకున్నట్టు కొట్టుకున్నారు. జబ్బుపడిన స్నేహితురాలి సంగతి ఎవరికీ గుర్తులేదు. గంట మోగింది. అరవై వస్తే పాసు. గడియారమ్మకి యాభై ఆరు. కళ్ళజోడుకి యాభై తొమ్మిది.

"మీ పావు మూడు నన్ను కూడా ముంచింది ఆంటీ," అంటూ మెట్ల మీద ఏడ్చింది ఆ పిల్ల.

ఇంటికొచ్చి చెబితే వదిన అన్నం గరిటె పట్టుకుని నిలబడిపోయింది. గడియారమ్మ అన్నా వదినలతోనే ఉంటుంది. అన్న లిఫ్టులు బాగుచేస్తాడు, మాట తక్కువ. ఇద్దరి మాటలూ వదినే మాట్లాడుతుంది.

"పావు మూడు అంటే?"

"రెండుంబావు వదినా."

"పావులు మూడైతే ముప్పావు కదే! ముప్పావు గంటకి ఆసుపత్రికెళ్తే ఎవరు రానిస్తారు? తప్పించక ఏం చేస్తారు నిన్ను?"

"నీకు చెప్పే ఓపిక నాకు లేదు."

"మాకు చెప్పే ఓపిక లేదుగానీ పరాయి దేశమోళ్ళకి చెప్పడానికి పోతావా? ఏమమ్మా ఆడపడుచూ, వాళ్ళు రెండు దాటి పావు అనమంటే అనెయ్. ఎముక లేని నాలుక, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. అంతమంది రోగుల్ని తిప్పినదానివి, నీ నాలుక తిప్పుకోలేవా?"

గడియారమ్మ కంచం ముందు కూర్చుని ఆలోచించింది. వదిన అన్నదాంట్లో తప్పులేదు. అదే కదా కష్టం.

మళ్ళీ పరీక్ష ఆరు వారాల తర్వాత. పుట్టినరోజు ఏడో వారంలో. ఈలోగా ఆ ఆసుపత్రి పెద్ద నర్సే నగరానికొచ్చింది. ఇక్కణ్ణుంచి ఫారం నింపిన ఆరుగురినీ కళ్ళారా చూసి ఎంచుకుంటుందట, కాగితం తర్వాత ఇచ్చినా సరేనట. ఫోను ఇన్‌స్టిట్యూటుకి వచ్చింది. ఎర్రపెన్నే మాట్లాడాడు. మాట్లాడి బోర్డు మీద రాశాడు: గురువారం, హోటల్ లాబీ, 2:45.

"ఆవిడ ఏమందో ఉన్నదున్నట్టు చెప్పండి సార్," అంది గడియారమ్మ.

"ఫిర్టెల్... డ్రై అంది. మధ్యలో 'తక్కువ' అనే ముక్క మింగేసింది. లైను సరిగా లేదు."

"మింగలేదు సార్. అసలు వండనే లేదు. అది రెండుంబావు."

"మళ్ళీ మొదలెట్టారా ఆంటీ!" అని కళ్ళజోడు తల పట్టుకుంది.

"ఆవిడ తూర్పు వైపు మనిషి," అన్నాడు ఎర్రపెన్ను పెన్ను మూత పెడుతూ. "మీ మామ్మ నైరుతి. ఆ యాస ఈవిడెందుకు మాట్లాడుతుంది? అందరం కలిసి రెండూ నలభైకి వెళ్దాం. ముందే పోయి లాబీలో పడిగాపులు కాస్తే సంస్థ పరువు పోతుంది."

"పరువు మీరు తీసుకురండి. నేను టైముకి వెళ్తాను."

గురువారం రెండూ పదికి గడియారమ్మ హోటల్ తలుపు తోసుకుని వెళ్ళింది. ఇస్త్రీ చీర, కొత్త చెప్పులు. చెప్పులు ఇన్‌స్టిట్యూటు కింది కొట్టులోనివే. మెత్తటి సోఫా చివర కూర్చుని ఎదురుగా ఉన్న గోడ గడియారం చూసింది. పదకొండు. పన్నెండు. పదమూడు. ముసలావిడ చెప్పింది తప్పైతే? నాలుగేళ్ళు తను నేర్చుకున్నది ఒక ముసలి నోటి సణుగుడే అయితే?

సరిగ్గా పదిహేనుకి లిఫ్టు తలుపు తెరుచుకుంది. పొట్టి జుట్టు, ఎత్తైన మనిషి, చంకలో ఫైలు. లాబీ అంతా చూసి, చేతి గడియారం చూసి, గడియారమ్మ దగ్గరికి వచ్చింది.

"ఒక్కరేనా?" అంది జర్మన్‌లో. "ఆరుగురన్నారే?"

"మిగతావాళ్ళ గడియారాలు పుస్తకం ప్రకారం నడుస్తాయి," అంది గడియారమ్మ, అదీ జర్మన్‌లోనే.

అప్పుడే కళ్ళజోడు పిల్ల రొప్పుతూ వచ్చి పడింది. "నాకెందుకో అనుమానమొచ్చింది ఆంటీ... ఆటో దొరకలేదు..." అని సోఫాలో కూలబడింది.

పెద్ద నర్సు ఫైలు తెరిచింది. రోగి మంచం పక్కన జారిపడ్డాడు, ఇక్కడ దెబ్బ తగిలింది, ఏం చేస్తావు అని తన తొడ చూపించి అడిగింది. గడియారమ్మ గడగడా చెప్పింది. ముందు ఫూస్ కదపకూడదు, రోగిని హేబెన్ చెయ్యాలి, చలి వేయకుండా టెప్పిహ్ కప్పాలి. పెద్ద నర్సు కనుబొమలు పైకెళ్ళాయి. తర్వాత పెద్దగా నవ్వింది.

"కాలు విరిగినవాణ్ణి ఎత్తి, తివాచీలో చుడతావా? శవాన్ని దాచినట్టుందే!" అని, తన బూటు పైకెత్తి చూపించింది. "మా వైపు ఫూస్ అంటే ఇది. తొడ నుంచి కిందికి బైన్. ఎవరు నేర్పారు నీకు?"

గడియారమ్మ చెప్పింది, చెంపదెబ్బతో సహా. చెప్పి అడిగింది, "మరి పావు మూడు?"

"పావు మూడంటే పావు మూడే. మేం తూర్పు, ఆవిడ నైరుతి. రెంటికీ నడుమ దేశమంతా ఉంది, అయినా ఈ మాట మాకూ ఉంది, వాళ్ళకీ ఉంది. మిగతావన్నీ ఎవరివి వాళ్ళవే. నువ్వు నేర్చుకున్న మాటలు మా వార్డులో సగం చెల్లవు."

అటు పుస్తకమూ తనది కాదంది, ఇటు ఈవిడా కాదంటోంది. అయినా గడియారమ్మ నిటారుగా కూర్చుంది.

"మీ వార్డులో ముసలివాళ్ళు ఎలా అంటే అలా నేర్చుకుంటాను. చెంపదెబ్బలు తిని నేర్చుకున్నదాన్ని, మీరు కొట్టకపోయినా నేర్చుకుంటాను. పైన ఇంకొకటి వేసుకోమంటే వేసుకుంటాను. ఉన్నది విప్పి పారెయ్యమంటే మాత్రం పారెయ్యను."

పెద్ద నర్సు ఏదో రాసుకుంది. "రోగిని ఎన్ని గంటలకోసారి తిప్పుతావు?"

"రెండు."

"వార్డులో పని ఎక్కువుంటే?"

"రెండే."

"కాగితం తీసుకురా. నీ పుట్టినరోజు లోపల. నువ్వు నాకు అర్థమయ్యావు. మా ఆఫీసుకి కాగితమే అర్థమవుతుంది."

ఎర్రపెన్ను నలుగురిని వెంటేసుకుని, ఐదు నిమిషాలు ముందే వచ్చామన్న గర్వంతో, రెండూ నలభైకి లోపలికి అడుగుపెట్టాడు. పెద్ద నర్సు చేతి గడియారం ఆయన ముఖం ముందు పెట్టింది. మూడింటికి ఆవిడ కారు. నలుగురినీ వరుసగా నిలబెట్టి తలా మూడు నిమిషాలు అడిగి వెళ్ళిపోయింది.

హోటల్ మెట్ల మీద ఎర్రపెన్ను క్షమాపణ చెప్పలేదు. చెబుతాడని గడియారమ్మా అనుకోలేదు.

"ఇక్కడ నెగ్గారు, సరే," అన్నాడు. "పరీక్షలో మాత్రం ఈ మొండితనం వద్దమ్మా. మార్కులు నా ఒక్కడి చేతిలో లేవు, పైనుంచి వచ్చే మేడమ్‌కి పుస్తకమే వేదం. నాలుగు మార్కులతో పోయింది మీకు. 'రెండు దాటి పావు' అనండి, గట్టెక్కండి. ఒక్క మాట! దానికోసం మొత్తం పోగొట్టుకుంటారా?"

ఆయన మంచికే చెప్పాడు. అది ఆమెకీ తెలుసు.

మిగిలిన వారాలు ఆమె చదివినట్టు ఆ ఇన్‌స్టిట్యూటులో ఎవరూ చదవలేదు. టోకెన్ల కిటికీ వెనక, బస్సులో కడ్డీ పట్టుకుని, కూరగాయలు తరుగుతూ. బైన్ అంటే తొడ నుంచి కిందికి. హాల్టెన్ అంటే పట్టుకోవడం. డెక్కె అంటే దుప్పటి. నోట్సులో పేజీకి మూడు గళ్ళు గీసింది. ఒకటి పుస్తకానికి, ఒకటి పెద్ద నర్సుకి, ఒకటి మామ్మకి. ఎర్ర గీత పడ్డ 'హేబెన్'ని మామ్మ గడిలో మళ్ళీ రాసింది, ఈసారి లావుగా. 'రెండు దాటి పావు' కూడా వందసార్లు పలికింది. నోరు బాగానే తిరిగింది. వదిన అన్నట్టు నాలుకకి ఎముక లేదు. ఉన్నదల్లా ఇంకెక్కడో ఉంది.

రెండో పరీక్షకి కూడా జోడీ కళ్ళజోడు పిల్లే. తప్పినవాళ్ళని తప్పినవాళ్ళతోనే కూర్చోబెట్టారు. ఎదురుగా ఎర్రపెన్ను, అదే మేడమ్. చీటీలో: ఊరు విడిచి వెళ్తున్న స్నేహితుడికి వీడ్కోలు విందు. ఎక్కడ, ఎప్పుడు?

చోటు కుదిరింది. ఏం తేవాలో కుదిరింది. గడియారమ్మ పుస్తకంలా మాట్లాడింది, ఒక్క గుణింతం జారలేదు. ఎర్రపెన్ను ముఖంలో వెలుగొచ్చింది. స్నేహితుడి కాలికి దెబ్బ తగిలిందని కళ్ళజోడు కావాలని కల్పిస్తే గడియారమ్మ 'బైన్' అంది, మేడమ్ టిక్కు పెట్టింది.

"మూడింటికి మొదలుపెడదాం," అంది కళ్ళజోడు. "మనం సామాను సర్దడానికి ఎన్నింటికి వెళ్దాం?" అడిగి, ఆంటీ వంక చూసింది.

ఎర్రపెన్ను పెదాలు కదిపి మరీ అందించాడు, రెండు దాటి పావు అని.

"ఫిర్టెల్ డ్రైకి," అంది గడియారమ్మ.

మేడమ్ పెన్ను ఆగింది. "అంటే ఎన్నింటికి?"

"రైలు స్టేషన్‌లో అయితే పద్నాలుగు గంటల పదిహేను నిమిషాలు. పుస్తకంలో అయితే రెండు దాటి పావు. అన్నీ వచ్చు నాకు," అంది గడియారమ్మ, తడబడకుండా, జర్మన్‌లో. "నాకు నేర్పిన మనిషి పావు మూడనేది. అర మూడు మీ పుస్తకంలో ఉంది కదా మేడమ్. అర ఉన్న ఇంట్లో పావు లేకుండా ఎలా ఉంటుంది?"

ఎర్రపెన్ను కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు కళ్ళజోడు పిల్ల గొంతు సవరించుకుంది. "సరే," అంది. "ఫిర్టెల్ డ్రైకి. గేటు దగ్గర."

ఈసారి ఇద్దరూ ఒకే టైముకి ఒకే గేటు దగ్గర కలిశారు. చీటీ అడిగింది అదే. మేడమ్ ఏదో రాసి, కాగితం మడిచి పెట్టింది.

బయట వరండాలో ఎర్రపెన్ను పట్టుకున్నాడు. "అవసరమా అమ్మా అది? నోటికి రాక కాదుగా?"

"మొదటిసారి పుస్తకంలో లేదని తెలియక అన్నాను సార్, తప్పన్నారు. ఈసారి తెలిసే అన్నాను. ఇప్పుడు వెయ్యమనండి సున్నా."

సున్నా వెయ్యలేదు. డెబ్భై మూడు వేశారు. కళ్ళజోడుకి డెబ్భై ఆరు. ఆ పిల్ల మూడు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నందుకు ఆంటీకి సోడా తాగించింది. కాగితం చేతికొచ్చేసరికి నలభై నిండటానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ముద్ర కొట్టిన గుమాస్తాకి గడియారమ్మ ఆ కాగితం రెండుసార్లు చూపించింది. ఒకసారి అడిగినందుకు, ఒకసారి అడక్కుండానే.

వీసా, సూట్‌కేసు, అన్నయ్య తూకం వేసి తీసేసిన సామాను, వదిన తూకం వేశాక మళ్ళీ కుక్కిన సామాను, అన్నీ అయ్యాయి. బయల్దేరే ముందురోజు వదిన బట్టలు మడత పెడుతూ అడిగింది.

"విమానం ఎన్నింటికే రేపు?"

"ముప్పావు నాలుగుకి," అంది గడియారమ్మ నోట్సు సంచిలో దూరుస్తూ, ఏదో ధ్యాసలో.

"అయితే మూడూ నలభై ఐదు. పన్నెండున్నరకల్లా ఇల్లు కదలాలి," అని వదిన అన్నయ్యకి కేకేసింది. కేకేసి, మడతపెడుతున్న చీర చేతిలోనే ఉండగా ఆగిపోయింది. "ఛీ ఛీ! నాకూ అంటించావుగదే నీ జబ్బు!"